ఒక ఇంకు పెన్ను, మూడు పాళీలు: రాతకీ బొమ్మకీ మార్చుకుంటూ వాడడం ఎలా?

ఇష్టపడి కొనుక్కున్న ఇంకు పెన్ను నెల తిరగకుండానే డ్రాయరులోకి వెళ్లిపోతుంటే, తప్పు సాధారణంగా పెన్నుది కాదు. పాళీకీ ఇంకుకీ కాగితానికీ పొత్తు కుదరలేదంతే. గీరే పాళీని మార్చవచ్చు, సరిచేయవచ్చు. కక్కే పెన్నుకి మందు వేరే ఉంది. పాళీ తీసి పెట్టడం చేతికి అలవాటైతే ఇంకో పెన్ను కొనాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఒక్క పెన్నుకే మూడు పాళీలు పెట్టుకోండి: రోజూ రాతకి సన్నది, శీర్షికలకి మొన వెడల్పుగా చెక్కినది, బొమ్మలకి మొన వంగినదో సాగేదో.

పెన్ను ఎంపిక

పాళీలు మార్చుకోవాలనుకునేవారు కొనే ముందే చూడాల్సింది పాళీ సైజు. ఆరో నంబరు పాళీ సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుంటుంది. జోవో, బాక్, ష్మిట్, కాన్పూర్‌లో తయారయ్యే కాన్‌రైట్, వీళ్లందరూ ఈ సైజు చేస్తారు కాబట్టి ఎంపిక విస్తారంగా దొరుకుతుంది. ఐదో నంబరు ఇంకాస్త చిన్నది, దానిలోనూ కరువు లేదు. లామీ సఫారీ పాళీ మాత్రం దాని సొంత పద్ధతి: పాళీ కింద నాలికలా ఉండి ఇంకు అందించే ఫీడ్ మీదికి జారుతూ ఎక్కుతుంది, ఈ నంబర్ల పాళీలు దానికి పట్టవు.

పెన్ను ఎబొనైట్‌దైతే, ఫీడ్ కూడా ఎబొనైట్‌దైతే, ఈ పనికి అంతకంటే అనువైనది లేదు. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో గాంధీజీ స్వదేశీ మాట పట్టుకుని మొదలుపెట్టిన పెన్నుల పని ఈ ఎబొనైట్ మీదే నడిచింది. రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరచిన పదార్థం ఇది. ఇంకుకి బాగా తడుస్తుంది, వేడి చేస్తే మెత్తబడి మన మాట వింటుంది. ఈ రెండో గుణం ఎంత విలువైనదో కొత్త పాళీ కూర్చోబెట్టేటప్పుడు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. కొన్ని పెన్నుల్లో పాళీ, ఫీడ్ నేరుగా, మనం వేళ్లతో పట్టుకునే భాగమైన గ్రిప్‌లోకి దూరి బిగుతుగా నిలబడతాయి. కొన్నింట్లో పాళీ, ఫీడ్, వాటిని పట్టుకునే చిన్న గొట్టం కలిసి మరలతో తిరిగి వచ్చే యూనిట్‌గా ఉంటాయి. విడి పాళీలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ఫీడ్ మీద చాలావరకు కూర్చుంటాయి. మరల యూనిట్లు అలా కాదు. జోవో యూనిట్ కోసం మర కోసిన గ్రిప్‌లోకి బాక్ యూనిట్ ఎక్కదు. రెండూ ఆరో నంబరే కదా అని బలంగా తిప్పితే గ్రిప్ మరలు పోతాయి.

దగ్గర ఉంచుకోవాల్సినవి: పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చెవి కడిగే రబ్బరు బుడ్డ, పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి, నూలు గుడ్డ, సూది మొద్దు చేసిన 2 మిల్లీలీటర్ల సిరంజి, సిలికాన్ గ్రీజు, 0.05 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి రేకు. ఇంకు మరకలు పోవు కాబట్టి పని సింకు దగ్గర కాక పాత పేపరు పరిచిన బల్ల మీద చేయండి. సింకు గొట్టంలోకి జారిపోయిన ఫీడ్ దొరకదు.

పాళీ తీయడం

ముందు ఇంకంతా తిరిగి సీసాలోకి పోయకుండా వేరే గిన్నెలోకి వంచేయండి, సీసాలో ఇంకు పాడవకుండా ఉంటుంది. రబ్బరు బుడ్డతో గ్రిప్ వెనక నుంచి చన్నీళ్లు కొట్టండి. రంగు పోయేదాకా ఐదారుసార్లు పడుతుంది. వేడినీళ్లు వద్దు. ఎబొనైట్ గ్రిప్ నలుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, కొన్ని ప్లాస్టిక్కులు వంగిపోతాయి.

ఇప్పుడు పాళీ మీద బొటనవేలు, ఫీడ్ కింద చూపుడువేలు, గ్రిప్‌కి ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో రెండింటినీ కలిపి పట్టుకోండి. తిప్పకుండా నేరుగా లాగండి. తిప్పితే ఫీడ్ పలకలు విరుగుతాయి. పాళీ మొన దగ్గర పట్టుకుంటే చీలికకి రెండు వైపులా ఉండే పాయలు వంగుతాయి. రాకపోతే బలం పెంచకండి. గ్రిప్‌ని రాత్రంతా చన్నీళ్లలో, అంట్లు తోమే ద్రవం ఒక చుక్క వేసి నానబెట్టండి. ఎండిన ఇంకే జిగురులా పట్టి ఉంటుంది. పొద్దునకి వదులవుతుంది. అప్పటికీ కదలకపోతే గ్రిప్ వెనక నుంచి ఫీడ్ తోకకి సరిపడే మొద్దు పుల్లతో మెల్లగా తోయండి.

తీసే ముందు ఒక పని మర్చిపోవద్దు: పాత పాళీ గ్రిప్ అంచు నుంచి ఎంత బయటికి ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. కొత్త పాళీ అంతకంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ బయటికి ఉన్నా మూత బిగించినప్పుడు మొన లోపలి అడుగుకి తగిలి వంగిపోవచ్చు. పాళీలు పాడయ్యే తీరుల్లో బహుశా ఇదే అన్నిటికంటే బాధాకరం, ఎందుకంటే కొత్త పాళీ మొదటి రోజే పోతుంది.

కొత్త పాళీ కూర్చోబెట్టడం

పాళీని ఫీడ్ మీద పెట్టి పక్క నుంచి వెలుతురుకి ఎత్తి చూడండి. రెంటి మధ్యా వెలుగు కనిపించకూడదు. పాళీ చీలిక సరిగ్గా ఫీడ్ గాడి మీద పడాలి. ఫీడ్ కొన ఎక్కడ ఆగాలంటే, చీలిక వెనక చివర ఉండే గాలి రంధ్రానికీ మొనకీ మధ్య సగం దాటాక. ముందుకి నెడితే ఇంకు ధారాళంగా వస్తుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. అర మిల్లీమీటరు తేడాకే రాత మారిపోతుంది కనుక మొదట మధ్యస్థంగా పెట్టి, రాసి చూసి, తర్వాత సర్దండి. రెండింటినీ కలిపి పట్టుకుని నీళ్లతో తడిపి గ్రిప్‌లోకి నేరుగా తోయండి. చాలా గ్రిప్‌ల లోపల కూర్చునే చోటు ఒకటే ఉండదు, బిగుతు తగిలేదాకా తిప్పి చూసుకోవచ్చు.

ఎబొనైట్ ఫీడ్‌కి వేడి పట్టించడం దీని తర్వాతి మెట్టు. పాళీకీ ఫీడ్‌కీ మధ్య ఖాళీ కనిపించినా, రాస్తుంటే ఇంకు తెగిపోతున్నా ఇది చేయాలి. నీళ్లు మరిగాక దించి ఒక నిమిషం ఆగండి. కప్పులో రెండు సెంటీమీటర్ల లోతు పోసి, పాళీ ముందు భాగం, ఫీడ్ మాత్రం మునిగేలా 20 నుంచి 30 సెకన్లు ఉంచండి. గ్రిప్ నీళ్లకి తగలకూడదు. తీసిన వెంటనే గుడ్డ మీదుగా బొటనవేలితో ఫీడ్‌ని పైకి, పాళీ వైపు నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. పది, పదిహేను సెకన్లు చాలు. వెలుతురుకి చూసి ఇంకా సందు ఉంటే మళ్లీ చేయండి. మరీ బలంగా నొక్కితే ఫీడ్ పాళీని కింద నుంచి తోసి రెండు పాయలనీ విడదీస్తుంది, అప్పుడు మొన దగ్గర సందు పెరిగి ఇంకు అసలు రాదు. ప్లాస్టిక్ ఫీడ్‌కి ఈ పని చేయవద్దు. అది మెత్తబడదు, వికారంగా వంకర పోతుంది.

ఇంకు అసలు ఎందుకు వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. సన్నటి సందు తడిని లాక్కుంటుంది, ఎంత సన్ననైతే అంత బలంగా. అందుకే చీలిక గాలి రంధ్రం దగ్గర కాస్త వెడల్పుగా ఉండి మొనకి వచ్చేసరికి సన్నబడాలి. లాగే శక్తి మొన వైపే పెరుగుతుంది. మొన దగ్గరే వెడల్పైతే ఇంకు వెనకే ఆగిపోతుంది. అలాగే, బయటికి వెళ్లిన ఇంకు స్థానంలోకి గాలి రావాలి. ఫీడ్ గాడిలో ఒక పీచు అడ్డుపడ్డా గాలి ఆగి, రెండు వాక్యాలు బాగా రాసి మూడోదానికి ఎండిపోతుంది. ఈ లక్షణం చూస్తే పాళీని తప్పుపట్టే ముందు ఫీడ్ కడగండి.

గీరుతుంటే, తడబడుతుంటే

పాళీ మొన భూతద్దంలో ఎదురుగా చూడండి. రెండు కొనలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? గీరే పాళీల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరికిపోతాయి. ఏ కొన కిందికి దిగిందో రాతే చెబుతుంది: గీత ఎడమ నుంచి కుడికి గీసేటప్పుడు గీరితే ఎడమ కొన దిగి ఉంది, దాని లోపలి అంచు కాగితాన్ని తవ్వుతోంది. కుడి నుంచి ఎడమకి గీరితే కుడి కొన దిగి ఉంది. దిగిన దాన్ని కింద నుంచి వేలిగోటితో పైకి, చాలా కొద్దిగా, వంచండి. రెండు సెకన్లు పట్టుకుని వదలి మళ్లీ చూడండి. ఒక్కసారిగా ఎక్కువ వంచితే ఇంకో వైపు తిరుగుతుంది.

ఇంకు రానప్పుడు వెలుతురు ఎదురుగా పట్టుకుంటే చీలిక మొన దగ్గర గట్టిగా మూసుకుని ఉండడం కనిపిస్తుంది. ఇత్తడి రేకుని చీలికలో గాలి రంధ్రం వైపు నుంచి పెట్టి మొన దాకా నాలుగైదుసార్లు లాగండి. కత్తి మొన, బ్లేడు వాడద్దు, అవి లోపలి అంచుని గీరి శాశ్వతంగా పాడుచేస్తాయి.

కొనలు సరిగా ఉండి, ఇంకు బాగా వస్తూ, అయినా కాగితం మీద గరుకు తెలుస్తుంటే అప్పుడు మాత్రమే రాపిడి. 12000 నంబరు మైక్రోమెష్ అనే అతి సన్నటి రాపిడి గుడ్డ మీద, ఇంకు నింపిన పెన్నుతో, రాసే కోణంలోనే, బరువు వేయకుండా "8" అంకెని ఐదారుసార్లు దిద్దండి. కాగితం మీద రాసి చూడండి. ఇంకా కావాలనిపిస్తే మళ్లీ ఐదే. మొన మీద ఉన్న గట్టి లోహపు బొట్టు ఒకసారి అరిగిపోతే తిరిగి రాదు. మరీ నున్నగా చేస్తే కొనలు గుండ్రబడి చీలిక కాగితానికి అందకుండా పోతుంది, అక్షరం మొదలెట్టిన ప్రతిసారీ మొదటి గీత పడదు. గరుకు కంటే ఆ జబ్బే విసిగిస్తుంది.

తెలుగు రాతకి ఏది సరిపోతుంది?

రోమన్ అక్షరాల్లో కిందికి దిగే నిలువు గీతలు ఎక్కువ. మన అక్షరం సున్నా చుట్టూ తిరుగుతుంది. ఒక్క "అ" రాసేసరికి పాళీ నాలుగు దిక్కులకీ ప్రయాణం చేస్తుంది. పైకి తోసే గీతలు ఎక్కువ కాబట్టి కొద్దిపాటి గరుకున్నా తెలుగులో వెంటనే తెలుస్తుంది. ఇక తలకట్టు సంగతి: చిన్నగా దిగి వెంటనే కుడివైపు పైకి దూకే గీత అది. పాళీలో లోపం ఉంటే మొట్టమొదట గీరేది అక్కడే. అందుకే పాళీ పరీక్షకి ఇంగ్లీషు సంతకం చాలదు. "కాఠిన్యం, ఋణం, సంస్థ, మాధుర్యం, జ్ఞానం" అని రాసి చూడండి. "థ"లో చుక్క విడిగా కనిపించాలి, "ధ" అడుగున గీత "ద"లో కలిసిపోకూడదు, ఒత్తుల లోపలి సందులు నిండిపోకూడదు.

ఆ లెక్కన, మామూలు గీతల నోటుబుక్కులో ఎఫ్ (ఫైన్, అంటే సన్న) పాళీ సరిపోతుంది. యూరప్ తయారీ ఎఫ్ గీత సుమారు 0.5 మిల్లీమీటర్లు, జపాన్ ఎఫ్ దాదాపు 0.4. ఎమ్ (మీడియమ్) పాళీ, సుమారు 0.7, పెద్ద అక్షరాలు రాసేవారికి చాలా హాయిగా ఉంటుంది, సన్నగా కుదించి రాసేవారికి మాత్రం "ఱ", "ఘ" ముద్దగా మారతాయి. ఇ.ఎఫ్ (ఎక్స్‌ట్రా ఫైన్) పాళీ తెలుగుకి ముచ్చటగా కనిపిస్తుంది కానీ చేతి బరువు ఎక్కువున్నవారికి గుచ్చుతుంది, దాన్ని రెండో పాళీగా తీసుకోవడమే మంచిది.

1.1 స్టబ్ అనే వెడల్పు మొన పాళీ పెళ్లిపిలుపుల మీద పేర్లు, పుస్తకం మొదటి పేజీ, శీర్షికల వంటివాటికి. నిలువు గీత లావుగా, అడ్డం గీత సన్నగా పడి అక్షరానికి నడక వస్తుంది. అక్షరం ఎత్తు 10 మిల్లీమీటర్లకి తగ్గితే గుడులూ సుడులూ మూసుకుపోతాయి. మొన అంచు మొత్తం కాగితానికి తగలాలి. పెన్ను వేళ్ల మధ్య కాస్త తిరిగినా గీత తెగుతుంది. సాగే పాళీ మీద మోజుతో తెలుగు రాయబోతే మాత్రం నిరాశ తప్పదు. ఆ పాళీ కిందికి లాగేటప్పుడే విప్పుకుంటుంది, పైకి తోస్తూ నొక్కితే కాగితంలో దిగబడుతుంది. మన గుండ్రాలతో దానికి పడదు.

పెన్ను కాగితానికి 45 నుంచి 55 డిగ్రీల్లో పడుకోనివ్వండి. బాల్‌పెన్ను అలవాటుతో నిటారుగా పట్టి నొక్కడం మానుకోవాలి. ఇంకు పెన్ను తన బరువుతోనే రాస్తుంది. ఎడమచేతివాళ్లు పాళీని తోస్తూ రాస్తారు కాబట్టి త్వరగా ఆరే ఇంకు, గుండ్రని మొన ఉన్న పాళీ తీసుకోవాలి, స్టబ్ వద్దు.

రోజువారీ రాతకి కామ్లిన్, బ్రిల్, సులేఖ వంటి, రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉండే ఇంకులు నిశ్చింతగా వాడుకోవచ్చు, నీళ్లతో తేలిగ్గా కడుక్కుపోతాయి. కాగితం మీద అక్షరం చుట్టూ వెంట్రుకల్లా చెదిరితే మొదట కాగితం మార్చి చూడండి. జిరాక్స్ కాగితాల్లో కట్టకీ కట్టకీ తేడా ఉంటుంది. జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే) అంకె ఒక్కటే చూసి కొనకండి, పై పూత ఎలా ఉందన్నదే ఇంకు చెదరడాన్ని నిర్ణయిస్తుంది. పూత బాగుంటే 70 జీఎస్‌ఎమ్ కూడా చక్కగా పనిచేస్తుంది.

బొమ్మలకి

బొమ్మలేసేవారు మొదట తేల్చుకోవాల్సింది ఇంకు నీటికి నిలవాలా, కరగాలా అన్నది. పైన నీటిరంగులు వేయాలంటే నిలవాలి. ప్లాటినమ్ కార్బన్ బ్లాక్, సెయిలర్ కివాగురో వంటివి ఇంకు పెన్నుల కోసమే చేసిన వర్ణక (పిగ్మెంట్, అంటే కరగని రంగు రేణువులున్న) ఇంకులు, ఆరాక నీటికి కదలవు. ఆర్ట్ షాపులో దొరికే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు, ఇండియన్ ఇంకు అనేవి మాత్రం పెన్నులో పోయకండి. వాటిలో చాలావాటిలో లక్క ఉంటుంది. ముంచి రాసే పాళీకి అది మేలైన ఇంకే, కానీ ఫీడ్ గాడిలో ఒకసారి ఎండితే నీళ్లకి కరగదు, పెన్ను చచ్చినట్టే.

పెన్నుల కోసం చేసిన కార్బన్ ఇంకు కూడా రోజూ గీసేవారికే. మూత గాలి చొరబడనిదై ఉండాలి, రెండు వారాలకొకసారి కడగాలి. గొట్టం నిండా పోసి నెలల తరబడి వదిలేస్తే ఫీడ్ మూసుకుపోతుంది. అందుకే గొట్టం నిండా నేరుగా ఇంకు పోసే పెద్ద ఐడ్రాపర్‌లో కాకుండా కన్వర్టర్ (ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం) ఉన్న పెన్నులో, మిల్లీలీటరు కంటే తక్కువ పోసుకుని వాడడం క్షేమం.

కరిగే ఇంకుతో ఇంకో అందం ఉంది. మామూలు రాయల్ బ్లూతో గీతలు గీసి, తడి కుంచెతో నీడ ఉండాల్సిన వైపు మాత్రం తాకండి. గీత కరిగి బూడిద నీలంగా పరుచుకుంటుంది. గోపురం మెట్ల మడతలకీ పొలం గట్టు నీడలకీ వేరే రంగుతో పనే లేదు. కుంచెలో నీళ్లు ఎక్కువైతే గీత మొత్తం పోతుంది. గుడ్డకి అద్ది సగం తడితో వాడాలి.

మొన పైకి వంచిన ఫ్యూడే పాళీ బొమ్మలకి మంచి తోడు. సెయిలర్‌వి 40, 55 డిగ్రీల వంపుతో వస్తాయి. పెన్ను నిటారుగా పడితే సన్నగీత, పడుకోబెడితే కుంచెలా లావుగీత, తిరగేస్తే వెంట్రుక గీత. చెట్టు కాండం ఒక్క ఊపులో గీసి, అదే పాళీ తిప్పి ఆకుల అంచులు వేయొచ్చు. మొదటి రోజు బొమ్మ వేయకుండా ఒక పేజీ నిండా గీతలే గీయండి, ఏ కోణంలో ఎంత లావో చేతికి తెలియాలి. సాగే పాళీతో గీసేటప్పుడు గీత మధ్యలో ఖాళీ వదిలి రెండు రైలు పట్టాల్లా చీలితే ఇంకు వేగానికి అందడం లేదని అర్థం. చేయి నెమ్మదించండి, ఎబొనైట్ ఫీడ్‌ని అర మిల్లీమీటరు ముందుకి నెట్టండి. నొక్కి విప్పే వెడల్పు మీద పట్టుదలకి పోతే పాయలు తిరిగి కలవవు.

కాగితం 150 జీఎస్‌ఎమ్ పైన ఉన్న నున్నటి డ్రాయింగ్ షీట్లు చాలు. నీటిరంగుల కోసం 200 పైన తీసుకోవాలి. మరీ గరుకు నీటిరంగు కాగితం మీద సన్న పాళీ పీచు లాక్కుని చీలికలో ఇరికించుకుంటుంది. గీత ఉన్నట్టుండి లావైతే చీలికలో పీచు ఉందని చూడండి, ఇత్తడి రేకుతో తీసేయండి.

గొట్టం నిండా ఇంకు పోసి వాడే పెన్నులు

మన ఎబొనైట్ పెన్నుల్లో చాలావరకు ఐడ్రాపర్లే, 2 నుంచి 4 మిల్లీలీటర్లు పడుతుంది. మరల మీద సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. వాజలైన్ వద్దు, అది రబ్బరు రింగుల్ని ఉబ్బించి పాడుచేస్తుంది. ఇంకు మరల దాకా కాకుండా రెండు మిల్లీమీటర్లు తక్కువగా పోయండి. ఇంకు మూడోవంతుకి దిగాక పెన్ను కక్కడం మొదలుపెడుతుంది. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకుని తోస్తుంది. కాబట్టి సగం దాటగానే నింపేయండి, వేసవిలో జేబులో పెట్టుకున్న పెన్ను తీయగానే మొన పైకి పెట్టి ఒక నిమిషం ఆగి రాయండి. విమానంలో ఐతే పూర్తిగా నింపి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ, మొన పైకి ఉండేలా తీసుకెళ్లండి. ఎండ పడే కిటికీలో ఎబొనైట్ పెన్ను ఉంచకండి, రంగు మారుతుంది.

కడగడానికి చన్నీళ్లు, మొండి ఇంకుకి పావు లీటరు నీళ్లలో రెండు చుక్కల అంట్ల ద్రవం చాలు. స్పిరిట్, శానిటైజర్ దగ్గరికి రానీయకండి, కొన్ని ప్లాస్టిక్కులు బీటలు వారతాయి.

వాడని పాళీలని తుడిచి, ఆరబెట్టి, మొనలు ఒకదానికొకటి తగలకుండా దూది మీద చిన్న డబ్బాలో పెట్టండి. డబ్బాలో పోస్టుకార్డంత ముక్క ఒకటి ఉంచి, ప్రతి పాళీతోనూ ఆ ముక్క మీద తన వివరాలు తనతోనే రాయించండి: కంపెనీ, మొన, ఇంకు, గ్రిప్ అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి, ఫీడ్ కొన ఎక్కడిదాకా. మళ్లీ ఆ పాళీ పెట్టేటప్పుడు కొలతలన్నీ మొదటి నుంచి వెతుక్కోకుండా, ఆ కార్డు పక్కన పెట్టుకుని పది నిమిషాల్లో బిగించేయొచ్చు.